వేడి నూనెలో చూడని పంపు

సబ్బు నురగ మోచేతుల దాకా పట్టించి, కడుక్కోబోతూ ఆగిపోయాడు తమ్ముడు. పొద్దున పరీక్ష బల్లమీంచి పంపు విప్పినప్పుడు చేతులమీద కారిన నూనె గుర్తొచ్చింది. చల్లగా తగిలింది. అది చల్లగా ఉండకూడదు.

అక్కాతమ్ముళ్లది పాతకాలపు డీజిల్ కార్లలో ఇంజనుకు డీజిలు చిమ్మే పంపులు అమ్మే దుకాణం. బేరం అక్కది, పరీక్ష తమ్ముడిది. ఎక్కడెక్కడి కార్లలోంచో ఊడదీసి తెచ్చిన పంపును బల్లమీద బిగించి, డీజిలుకు బదులు నూనె పోసి, మోటారుతో తిప్పి, అది ఎంత చిమ్ముతోందో గాజు గొట్టాల్లో చూస్తాడు. నెగ్గిన దానికి పసుపు రంగు చుక్క పెడతాడు. ఆ చుక్క చూశాక కొనేవాళ్లు మారు మాట్లాడరు. అయితే ఆ నూనెను హీటరుతో వెచ్చబెట్టే చూడాలి. లోపల అరిగిన పంపు చల్లటి చిక్కటి నూనెతో బుద్ధిమంతుడిలా నడుస్తుంది. నూనె వేడెక్కి పల్చబడిందా, సందుల్లోంచి జారిపోతుంది. అలాంటి పంపున్న కారు ఇంటి దగ్గర ఠక్కున స్టార్టవుతుంది, దారిలో ఆపితే మాత్రం మళ్లీ కదలనని మొరాయిస్తుంది.

తడి చేతులతోనే బల్ల దగ్గరికి పరిగెత్తాడు. హీటరు ప్లగ్గు కింద వేలాడుతోంది. దాని చోట ఫ్యాను ప్లగ్గు దర్జాగా కూర్చుంది.

"అక్కా! హీటరు పీకిందెవరు?"

"నేనే. ఇక్కడ ఉక్కపోతకి మనుషులు చస్తుంటే నీ నూనెకి చలిమంట కావలసొచ్చిందా?"

"పొద్దున రెండు పంపులు చూశాను. రెంటికీ చుక్క పెట్టేశాను."

"పెట్టావుగా, ఇంకేం? ఒకటి డ్రాయింగు మాస్టారు పట్టుకెళ్లారు కూడా."

"అదే అక్కా నా బాధ. రేపు వాళ్లమ్మని ఎక్కించుకుని కొండమీదికి వెళ్తానన్నారు. ఆవిడ మోకాళ్లు వంగని మనిషి. దారిలో బండి ఆగిపోతే?"

"మొదలెట్టావూ! నిన్న తాళం వేశానా లేదా అని సగం దారిలోంచి వెనక్కొచ్చావు. వేసే ఉంది. మొన్న గ్యాసు కట్టేశానా అన్నావు. కట్టే ఉంది. నీకు 'అనుమానం' అని పేరు పెట్టినవాడెవడో గానీ, వాడి నోట్లో చక్కెర పొయ్యాలి!"

ఇన్నేళ్ల అతని అనుమానాలు దాదాపు అన్నీ ఉత్తవేనని తేలాయి. అందుకే ఇప్పుడు నమ్మేవాళ్లు లేరు. తనను తానే సరిగా నమ్మలేకపోతున్నాడు. కూర్చున్నాడు, లేచాడు. ఫోను చేస్తే మాస్టారు ఎత్తలేదు. చివరికి స్కూటరు తీశాడు.

మెకానిక్కు షెడ్డులో అప్పటికే పంపు బిగించేశారు. పాత కారు నిండుగా మోగుతోంది. మాస్టారి ముఖం వెలిగిపోతోంది.

"రావయ్యా, రా! విను, ఎంత నున్నగా తిరుగుతోందో!"

"బాగా వేడెక్కనిచ్చి, ఒకసారి ఆపి మళ్లీ తీయండి మాస్టారూ."

మెకానిక్కు పకపకా నవ్వాడు. "అన్నం తిని చెయ్యి కడుక్కున్నాక ఉప్పు చూస్తానంటావేంటన్నా?"

ఇంజను వేడెక్కేదాకా అతను ఒక్కచోట నిలబడలేదు. కారు చుట్టూ తిరిగాడు. మాటిమాటికీ పంపుమీద వేలు పెట్టి చూశాడు. వేలు ఆనించలేనంత కాలాక మాస్టారు ఆపారు. షెడ్డు ఒక్కసారిగా మూగబోయింది. మళ్లీ తాళం తిప్పారు.

ఒక్క తిప్పుకే అందుకుంది.

ఇంకోసారి ఆపించాడు. ఇంకోసారీ అందుకుంది. "చాలా? లేక మా అమ్మని కూడా ఎక్కించి చూడమంటావా?" అన్నారు మాస్టారు. సిగ్గుపడి స్కూటరెక్కాడు గానీ, సగం దారిలో లోపల మళ్లీ గీకుడు మొదలైంది. పంపు మంచిదే. పొద్దున చుక్క పెట్టేటప్పుడు ఆ సంగతి తనకు తెలియదే! మరి అరమీద ఉన్న రెండోది?

దుకాణంలో అక్క నవ్వడానికి సిద్ధంగా ఉంది. "ఏమైంది? మంచిదేగా?"

"మంచిదే."

"నే చెప్పలేదూ? కూర్చో, కాసిని మంచినీళ్లు తాగు."

కూర్చోలేదు. ఫ్యాను పీకి హీటరు పెట్టాడు. రెండో పంపును బల్లకు బిగించాడు. నూనె వెచ్చబడేదాకా అక్క అట్టముక్కతో విసురుకుంటూ తిడుతూనే ఉంది. కారును స్టార్టు చేసేటప్పుడు ఇంజను ఎంత మెల్లిగా తిరుగుతుందో అంత మెల్లిగా మోటారు తిప్పాడు. పొద్దున గాజు గొట్టాల్లో నూనె సగానికి పైగా లేచింది. ఇప్పుడు అడుగున తడి చేసి ఊరుకుంది.

అక్క చేతిలో అట్టముక్క ఆగింది. వంగి చూసింది. గుడ్డకు థిన్నరు అద్ది, పంపుమీది పసుపు చుక్కను తానే గట్టిగా తుడవసాగింది.

"పూర్తిగా పోవాలక్కా."

"పోయిందిరా."

"అంచున ఇంకాస్త ఉందేమో."

"నీ అనుమానం తగలెయ్యా!" అంటూనే టార్చిలైటు వెలిగించి మళ్లీ వంగింది.