సిమెంటు కింద అమ్మ వేళ్ళు

మా బావగారు ఆంబ్రోస్ ఫైస్ట్ పెళ్ళి చేసుకోలేదు. అమెరికా ఉత్తరపు కొసన నార్త్ డకోటా గాలికి ఎదురొడ్డి గోధుమ పండించారు, ఆవుల్ని సాకారు, వాళ్ళ తాత మట్టి ఇటుకలతో కట్టిన ఇంటిని మాత్రం విడిచిపెట్టలేదు. నేను ఆయన తమ్ముడి భార్యను. ఆయన్ని మెచ్చుకున్నదానికన్నా దెప్పిందే ఎక్కువ. మాటల విషయంలో ఆయన పరమ పిసినారి. నేను దెప్పకపోతే ఆయన ఇంట్లో ఉన్నట్టే తెలియదు.

కొన్ని తరాలు రష్యాలో ఉండి ఇక్కడికి వలస వచ్చిన మా జర్మన్ పెద్దలకు ఇక్కడ కలప దొరకలేదు, మట్టి దొరికింది. ఆ మట్టి గోడలకు ఏటా వేసవి మొదట్లో వచ్చే పెంతెకోస్తు పండగ ముందు ఆడవాళ్ళు చేత్తో కొత్త పూత పూసేవారు. మగవాళ్ళ పని మట్టీ గడ్డీ పేడా కలిపి తొక్కి ఇవ్వడం వరకే. గోడ మీద చెయ్యి వేసేవారు కాదు. మా అత్తగారు ఫిలొమీనా ముసలితనంలో నడుం పట్టుకుని ఆ పని చేస్తుంటే చూడలేక, బావగారు ఒక వేసవిలో ఇల్లంతా తీగ వల బిగించి సిమెంటు వేయించారు.

"ఇంక నువ్వు కూర్చోమ్మా" అన్నారు. ఆవిడ కూర్చున్నారు. కొన్నేళ్ళకు గోడ కూడా కూర్చోవడం మొదలుపెట్టింది.

సిమెంటు చెమ్మను బయటికి పోనివ్వదు. లోపల మట్టి నాని ఉత్తరపు గోడ పొట్ట పెట్టింది. అప్పటికి అత్తగారు లేరు. అమ్మ సుఖం కోసం చేసిన పనే అమ్మ ఇంటిని తినేస్తోందని బావగారికి దిగులు పట్టుకుంది. తిండి తగ్గింది.

ఆయన కబురు పెడితే రాజధాని బిస్మార్క్ నుంచి మార్లిస్ ట్వైట్ వచ్చింది. రాష్ట్రమంతా తిరిగి పాత చర్చీలు, రైలు స్టేషన్లు, గుండ్రటి పశువుల కొట్టాలు కూలిపోకుండా చూడడం ఆవిడ ఉద్యోగం. గోడ తట్టి చూసింది.

"సిమెంటు తీసేసి మళ్ళీ మట్టే పూయాలండీ. ఇలా వదిలేస్తే ఈ చలికాలం దాటదు."

"తీస్తుంటే కూలితే?" అన్నారు బావగారు.

"కూలొచ్చు. తీయకపోతే మాత్రం తప్పకుండా కూలుతుంది."

పండగకు ముందే గోడకు దుంగలు ఆనించి పని మొదలుపెట్టాం. నేను తెచ్చిన మీగడ కూకెన్ అనే తీపి రొట్టె ఆయన ముట్టుకోలేదు. ఉలి ఆనించి మెల్లగా తట్టారు. సిమెంటు పెద్ద పలకగా ఊడి గడ్డిలో పడింది. గోడ నిలబడింది.

ఆ మట్టి గోడ మీద నిండా వేళ్ళ గీతలు. నెలవంకల్లా వంపు తిరిగి, ఒకదాని పక్కన ఒకటి, చూరు దాకా. ప్రతి వంపులోనూ ఒక గీత మాత్రం మొదట్లోనే ఆగిపోయింది. మా అత్తగారి ఉంగరపు వేలు సగం ఎప్పుడో మీగడ తీసే యంత్రంలో పోయింది. చర్చిలో మోకరిల్లినప్పుడు కూడా నాకంత భక్తి కలగలేదు, దాచుకోవడమెందుకు. మార్లిస్ టోపీ తీసి చేత్తో పట్టుకుంది.

"అమ్మే" అన్నారు బావగారు.

మార్లిస్ నెమ్మదిగా అంది: "ఈ కాస్త మేర ఇలాగే ఉంచి అద్దం బిగిద్దామా?" జవాబు తనకూ తెలుసని ఆ గొంతే చెబుతోంది.

"అద్దం వెనక మళ్ళీ చెమ్మే కదండీ. ఒకసారి దీనికి ఊపిరాడకుండా చేశాను, చాలు." ఆయన ఆ గీతల మీద చెయ్యి ఆనించారు. "అమ్మ కూడా వాళ్ళత్తగారి గీతల మీదే పూసింది. అలా పూస్తేనే ఇల్లు నిలబడింది."

నేను ముక్కు చీదుకుని చొక్కా చేతులు పైకి మడిచాను. "అయితే జరగండి బావగారూ. మగవాడు పూస్తే గోడ సిగ్గుతో పడిపోగలదు."

"నువ్వు మట్టి తొక్కు, క్లోతిల్డా."

"నేనా?"

"సిమెంటు వేయించింది నేను. పూయాల్సిందీ నేనే."

చెప్పులు విడిచి బురదలో దిగాను. ఆయన గుప్పెడు మట్టి తీసుకుని అత్తగారి గీతల ముందు ఆగారు. తర్వాత ఆ వంపు వెంటే, ఆ వంపు మీదే పూశారు. పూసేటప్పుడు ఉంగరపు వేలు మడిచి పెట్టుకున్నారు.

ఆ గోడ ఆ చలికాలం దాటింది. ఇప్పుడు ఏటా పండగ ముందు నేను తొక్కుతాను, ఆయన పూస్తారు. ఆ వేలు ఎప్పుడూ మడిచే ఉంటుంది. దాని గురించి మాత్రం నేను ఇంతవరకు దెప్పలేదు.