మరిచిపోయే మరిది

పెద్ద నర్సమ్మ మరిది ఏ ఇంటికి వెళ్ళినా, ఏదో ఒకటి అక్కడ మరిచిపోకుండా తిరిగొచ్చిన పాపాన పోలేదు. గొడుగు పట్టుకెళితే గొడుగు, కళ్ళజోడు పెట్టుకెళితే కళ్ళజోడు. ఒకసారి దర్జీ ఇంట్లో ఒంటి చెప్పు వదిలేసి వచ్చాడు.

"ఒక కాలికి చెప్పు లేదని దారిలో తెలియలేదా?" అని వదిన నిలదీస్తే, "రెండో కాలికి ఉందిగా వదినా, ఆ ధైర్యంతో నడిచేశాను" అన్నాడు.

అలాంటి మనిషి చేతికి ఊరి సహాయ సంఘం వాళ్ళు భోజనాల క్యారేజీలు, వాటిని తిప్పే వ్యానూ అప్పగించారు. నడవలేనివాళ్ళకు చక్రాల కుర్చీ అరువివ్వడం, ఎవరూ లేనివాళ్ళను వ్యానులో ఆసుపత్రికి తీసుకెళ్ళడం, ఒంటరిగా ఉండేవాళ్ళకు మధ్యాహ్నం భోజనం పంపడం ఆ సంఘం పనులు. నర్సుగా రిటైరయ్యాక వదినే దానికి కార్యదర్శి. మరిదిని ఆ పనిలో పెట్టిన పుణ్యం కూడా ఆవిడదే కాబట్టి, ఫిర్యాదులన్నీ ఆవిడ చెవినే పడేవి.

"భోజనం ఇచ్చి వెళ్ళాడమ్మా. కాస్త నడుం వాల్చానో లేదో, గొడుగంటూ మళ్ళీ తయారు!"

అందుకే రోజూ బయల్దేరేముందు హాజరు వేసేది.

"గొడుగు?"

"ఉంది."

"కళ్ళజోడు?"

"ముక్కు మీదే ఉంది."

"వచ్చేటప్పుడు కూడా ఉండాలి!"

"చూద్దాం వదినా."

ఆ రోజు సాయంత్రం సంఘం మీటింగు. మరిదిని క్యారేజీల పని నుంచి తప్పించాల్సిందేనని సభ్యులు ముందే పట్టుబట్టి ఉన్నారు. "ఈ ఒక్క పూటా ఏదీ మరిచిపోకుండా రా నాయనా, నీకు పుణ్యముంటుంది" అని బతిమాలి మరీ పంపింది నర్సమ్మ.

తిరిగొచ్చాడు, కాలినడకన.

"వ్యానేదయ్యా?"

"టైపు మేడమ్ గుమ్మం ముందుంది."

"అక్కడెందుకుంది?"

"తాళంచెవి ఆవిడ బల్ల మీద మరిచిపోయాను."

నర్సమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. "వెళ్ళి తెచ్చుకో! నా ప్రాణం తియ్యకు!"

"నువ్వూ రా వదినా."

"తాళంచెవికి తోడు పెళ్ళికూతురా నేను?"

ఎన్ని తిట్లు తిన్నా పళ్ళికిలించే మనిషి ఈసారి నవ్వలేదు. "రా వదినా" అన్నాడంతే. ఆ గొంతు విన్నాక ఆవిడ చెప్పులు వేసుకుంది.

ఎప్పుడూ తీరిగ్గా నడిచే మరిది ఇప్పుడు పరుగులాంటి నడక నడుస్తున్నాడు. నర్సమ్మకు ఆయాసం, దాంతోపాటు భయం.

"ఏమైందో చెప్పి చావవేం?"

"ఏమో వదినా. నాకు తెలిస్తే చెప్పనూ?"

టైపు మేడమ్ సగం ఊరికి టైపు నేర్పిన మనిషి. ఒంటరిగా ఉంటుంది. డాక్టరు పేరెత్తితే చాలు, ఎవరికైనా గుమ్మం చూపిస్తుంది. ఇప్పుడు ఆ గుమ్మం తలుపు ఓరగా తెరిచి ఉంది. పిలిస్తే పలుకు లేదు. తలుపు తోసుకుని లోపలికి పరిగెత్తారు.

వంటింట్లో నేల మీద గోడకు చేరగిలబడి ఉంది మేడమ్. గట్టు మీది క్యారేజీ మూత తియ్యకుండా అలాగే ఉంది. పాదానికి ఏదో పాతగుడ్డ చుట్టి ఉంది.

"ఎవరు రమ్మన్నారు మిమ్మల్ని?" అని నీరసంగానే గదమాయించింది.

"తాళంచెవి మరిచిపోయానండీ" అన్నాడు మరిది.

"నీ మతిమరుపు మండిపోనూ!"

"అలాగేనండీ."

నర్సమ్మ గుడ్డ విప్పింది. పాదం చీము పట్టి, ఎరుపు పిక్క దాకా పాకింది. ఒళ్ళు కాలిపోతోంది.

"గాజుపెంకు గుచ్చుకుంది. అదే తగ్గుతుంది" అంది మేడమ్.

"తగ్గదు. పదండి ఆసుపత్రికి."

"చస్తే రాను. అయినా ఇప్పటికిప్పుడు ఎలా వెళతాం?"

"వ్యాను గుమ్మంలోనే..." అంటూ నర్సమ్మ చటుక్కున ఆగిపోయింది. మరిది వైపు చూసింది. అతను దీక్షగా ఇంటి కప్పు చూస్తున్నాడు.

ఇంకొక్క రోజు ఆలస్యమైతే పాదం దక్కేది కాదన్నాడు డాక్టరు. వరండాలో నర్సమ్మ మరిదిని పట్టుకుంది.

"నీకెలా తెలిసింది?"

"రోజూ గేటు దాకా వచ్చి సాగనంపే మనిషి, ఇవాళ కుర్చీలోంచి లేవలేదు వదినా. అడిగితే భేషుగ్గా ఉన్నానంది. మొదటిసారి వెళితే అందరూ అదే అంటారు, నవ్వుతారు కూడా. మరిచిపోయిన వస్తువు కోసం మళ్ళీ వెళ్ళినప్పుడే అసలు సంగతి కనబడేది. ఈవిడ నా మాట వినదు, నీకైతే భయపడుతుంది. అందుకని..."

నర్సమ్మకు ఇన్నాళ్ళూ తిట్టిన తిట్లన్నీ గుర్తొచ్చాయి.

"అయితే ఆ ఒంటి చెప్పు కూడా కావాలనే?"

"అబ్బే, అది మాత్రం నిజంగానే మరిచిపోయాను."

ఆ సాయంత్రం మీటింగు జరగలేదు. తర్వాత జరిగినప్పుడు, "మా మరిది సంగతి నాకొదిలేయండి" అని కార్యదర్శి ఒక్క ముక్కలో తేల్చేసింది. కారణం చెబితే ఇళ్ళల్లో అందరూ జాగ్రత్తపడిపోరూ?

మేడమ్ ఇంటికి వచ్చాక, మొదటి భోజనం ఇద్దరూ కలిసి పట్టుకెళ్ళారు. సెలవు తీసుకునేటప్పుడు నర్సమ్మ అలవాటు కొద్దీ గుమ్మంలో హాజరు మొదలుపెట్టింది.

"గొడుగు?"

"ఉంది."

"కళ్ళజోడు?"

"ఉంది."

"తాళంచెవి?"

"ఇదిగో."

కుర్చీలోంచి టైపు మేడమ్ విసుక్కుంది.

"అన్నీ పట్టుకుపోతే ఎలాగయ్యా? ఆ గొడుగన్నా వదిలేసి వెళ్ళు!"