భర్త పేరు లేని పదకొండు మంది

కిందటేడు వానాకాలం, కోరుట్ల. నాకు సంతకం వరకే వచ్చు, ఇది నేను చెబుతుంటే నా బిడ్డ సుజాత రాసింది. కానీ మా బీడీ కార్ఖానాలో హాజరు పిలిచేది నేనే. కాగితం అక్కర్లేదు. నూట నలభై మంది పేర్లూ కూర్చున్న వరుసలోనే నోటికి వస్తాయి.

ఆస్పత్రి కార్డుల కోసం మా జాబితా సోమవారం జగిత్యాల ఆఫీసుకు చేరాలన్నారు. ఒక్కొక్కరిది ఒక్కో వరుస: పేరు, భర్త పేరు, నంబరు, అన్నీ ఒకేచోట. ఆఫీసుకు మాత్రం మూడూ వేర్వేరు గళ్లలో కావాలి. సుజాత సిరిసిల్లలో మరమగ్గాల మిషన్లకు సీ భాషలో ప్రోగ్రాములు రాస్తుంది. ఆదివారం ఇంటికొచ్చి ఈ పనికి కూర్చుంది. వరుస ఏ రూపంలో ఉంటుందో చెప్పే నమూనాను రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ అంటారట. అందులో కావలసిన ముక్క చుట్టూ బ్రాకెట్ పెడితే అది క్యాప్చర్ గ్రూప్. ప్రోగ్రాం ఆ ముక్కను విడిగా పట్టి ఇస్తుంది. గ్రూపులకు అంకెలుంటాయి: సున్నా అంటే మొత్తం వరుస. ఒకటి పేరు, రెండు భర్త, మూడు నంబరు.

"అయిపోయిందే అమ్మా."

"సదువు, ఇంట."

ఎనిమిది పేర్లు సరిగ్గానే వచ్చాయి. తొమ్మిదో చోట కూర్చునే లచ్చవ్వది రాలేదు.

"లచ్చవ్వ ఏది?"

"ప్రోగ్రాం మంచిగనే నడిచింది. తప్పేం చూపిస్తలేదు."

"నడిస్తె నడిచింది. లచ్చవ్వ పేరేది మరి?"

సుజాత జాబితా మొత్తం చూసింది. నాతో కలిపి పదకొండు మంది లేరు, అందరం మొగుడు పోయినవాళ్లమే. మా వరుసల్లో భర్త పేరు రాయరు. నమూనాలో ఆ ముక్క తప్పనిసరి కాబట్టి మా వరుసలే కుదరక జారిపోయాయి.

"గీ పదకొండు నేను చేత్తోని కొట్టేస్త తియ్యే."

"రేపు ఇంకొకామె మొగడు పోతె గప్పుడెవలు కొడ్తరు? సక్కగ చెయ్యి. లచ్చవ్వ దగ్గు నువ్వు ఇనలే. కార్డు లేకుంటె ఎక్స్‌రే తియ్యరట."

భర్త ముక్క మొత్తానికీ ఇంకో బ్రాకెట్ చుట్టి, వెనక ప్రశ్నార్థకం పెట్టింది. ఉంటే ఉన్నట్టు, లేకుంటే లేదు అని దాని అర్థం. ఈసారి నంబరు గడిలో మొగుళ్ల పేర్లు పడ్డాయి. లచ్చవ్వ వరుస దగ్గర ప్రోగ్రాం ఆగిపోయింది.

"కొత్త బ్రాకెట్ ఏడ పెట్టినవ్?"

"నడుమల."

"నడుమల ఒకామె అచ్చి కూసుంటె ఎనుకోళ్లు జరుగరా?"

సుజాత నవ్వింది. "నిన్ను సిరిసిల్లకు తోల్కపోవాలె."

బ్రాకెట్లను ఎడమ నుంచి తెరిచిన వరుసలోనే లెక్కిస్తారట. భర్త రెండు నుంచి మూడుకు, నంబరు మూడు నుంచి నాలుగుకు జరిగాయి. ఆ అంకెలు మార్చి, సున్నాతో కలిపి ఐదింటికీ చోటు పెట్టింది. భర్త లేని చోట ఆ గ్రూప్ ఎక్కడ మొదలైందో చెప్పే అంకె మైనస్ ఒకటి అని వస్తుంది, అంటే ఆ ముక్క లేదని. అది చూసుకోకుండా తీయబోతే ఆగిపోతుంది. అక్కడ గడి ఖాళీగా వదలమని రాసింది.

మళ్లీ చదివింది. తొమ్మిదో పేరు లచ్చవ్వ.

సోమవారం జాబితా చేరింది. లచ్చవ్వకు ఎక్స్‌రే తీశారు. ఇప్పుడు సుజాత పేర్ల మీద ఏ ప్రోగ్రాం రాసినా ముందు నా వరుస ఒక్కటి వేసి చూస్తుంది. నేను దాటితేనే మిగతావాళ్లను పంపుతుంది.