మూఢత్వ విముక్తి జొన్నరొట్టెలు

పెట్టుబడి లేక మూతపడ్డ దుకాణాలున్నాయి, సరుకు బాగోలేక మూతపడ్డవీ ఉన్నాయి. బీదరులో మా అక్క రొట్టెల దుకాణాన్ని ఒట్టి నామకరణంతోనే మూయించబోయిన వీరుణ్ణి నేను. వినండి, నవ్వొస్తే మొహమాటపడకండి.

హాస్టల్లో వంటపని పోయాక అక్కకు మిగిలిన ఆధారం ఆమె అరచేతులే. వాటితో జొన్నరొట్టె తట్టిందంటే చందమామ మబ్బుల్లో దాక్కోవాల్సిందే.

"అమ్మ పేరు పెడ్దాం తమ్మీ. మల్లమ్మ రొట్టెలు," అంది.

అప్పట్లో చాయ్‌లో చక్కెర ఎక్కువైనా సంఘసంస్కరణ మీద ఉపన్యసించేవాణ్ణి.

"మల్లమ్మంటే మల్లన్న, మల్లన్నంటే దేవుడు. కుదరదక్కా."

"దేవుడేందిరా? నీ ముక్కు తుడిచిన అమ్మ."

మున్సిపాలిటీకి నేనే వెళ్లి లైసెన్సులో "మూఢత్వ విముక్తి జొన్నరొట్టెల కేంద్రం" అని రాయమన్నాను. గుమాస్తా కళ్లద్దాలు దించాడు.

"ఇది సంఘమా, దుకాణమా సార్?"

"ఉద్యమం."

పాపం, రాసుకున్నాడు. బోర్డు మీద 'విముక్తి కేంద్రం' సొరకాయలంత, 'జొన్నరొట్టెలు' ఆవగింజలంత పడ్డాయి.

పేరు గొప్ప, గల్లా దిబ్బ. రొట్టెలు కొనేవాళ్లు తప్ప అందరూ వచ్చారు. ఒక రిటైర్డు మాస్టారు రోజూ వచ్చి, దేవుడున్నాడని నాతో వాదించి, మంచినీళ్లు తాగి పోయేవాడు. వాదంలో నేనే గెలిచేవాణ్ణి. రొట్టెలు ఎండిపోయేవి.

చివరికి చిట్గుప్ప నుంచి ఒకామె మొగుణ్ణి రెక్క పట్టి లాక్కొచ్చింది.

"అన్నా, గీయనకు తాగుడు మాన్పియ్యాలె. ఎన్ని దినాలు ఉంచుకుంటరు?"

ఆయన అప్పటికే అక్క పెట్టిన వేడిరొట్టె, పుంటికూర తింటున్నాడు. "గిసుంటి రొట్టె పెడితే ఎన్ని దినాలైనా ఉంట," అన్నాడు.

అక్క నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్లొత్తుకుంది.

"నువ్వు గెలుస్తనే ఉన్నవ్ తమ్మీ. నా పొయ్యి ఆరిపోతాంది."

మర్నాడే మున్సిపాలిటీకి వెళ్లి అమ్మ పేరు రాయించి వచ్చాను. కొత్త బోర్డెక్కిన రోజు మధ్యాహ్నానికే బుట్ట ఖాళీ.

"ఇంక దేనికీ పేరు పెట్టనని ఒట్టెయ్," అంది అక్క.

"దేవుడి మీద వెయ్యను. అది నా సిద్ధాంతం."

"ఎయ్యకు. దీని మీద ఎయ్," అని పెనం మీది రొట్టె తీసి ముందు పెట్టింది.

చెయ్యి పెట్టాను. చుర్రుమంది.

కాబట్టి పాఠకులారా, దుకాణానికి కాదు గదా, దూడకు కూడా ఈ జన్మలో పేరు పెట్టను. మరుజన్మను నమ్మను గనుక, ఈ ఒట్టుకు ఇక గడువు లేదు.