ఊ కొట్టే కంప్యూటర్

నల్లగొండలో కంప్యూటర్ అంటే చెప్పులు బయట విడిచి, లోపలికి వెళ్ళి చూసి రావలసిన వస్తువుగా ఉన్న ఆ రోజుల్లో నాకు ఇరవై ఏళ్ళ వయసు, నాలుగు నెలల కోర్సు, లోకాన్ని బాగుచేసేయాలన్న తొందర ఉండేవి (తొందర ఇంకా పోలేదు). మా ఇన్‌స్టిట్యూట్ సారు ఒక దవాఖానతో మాట్లాడి వచ్చాడు. డాక్టరు ముందు ముసలివాళ్ళు భయంతో సగం బాధలు మింగేస్తున్నారు కాబట్టి, ముందే మిషను అడిగి రాసిపెట్టాలి. వారం నడిపి చూస్తారు. డాక్టరుకు నచ్చితే మిషనూ, దానితో నా ఉద్యోగమూ అక్కడే ఉంటాయి. లేకపోతే నేను ఇంటికి.

ప్రోగ్రాం రాసి, ముందుగా మా అవ్వను తీసుకొచ్చి దాని ముందు కూర్చోబెట్టాను. ఆమె చెబుతుంటే నేను టైపు చేస్తున్నాను. రెండు మాటలకే ఆగిపోయింది.

"ఇది ఇంటున్నదా, నేను గోడతోని మాట్లాడుతున్ననా? మనిషి చెప్తాంటె ఊ కొట్టాలె గద బిడ్డా."

కోర్సులో ఎవరూ చెప్పని పాఠం అది. ఒక్కో మాట టైపు చేసి ఎంటర్ నొక్కగానే మిషను 'కుయ్' మనేలా మార్చాను. ఇక అవ్వ గంటసేపు లేవలేదు. పోయిన తాతను కూడా తనివితీరా తిట్టి, "మీ తాతకంటె ఇదే నయం" అని సర్టిఫికెట్ ఇచ్చింది.

దవాఖానలో మొదటిరోజు పానగల్ నుంచి వచ్చిన ఒక పెద్దమ్మ మోకాళ్ళ నొప్పితో మొదలుపెట్టి బావి, బర్రె, కోడలు మీదుగా సాగింది. కుయ్. కుయ్. పదకొండయ్యేసరికి నా చుట్టూ వరండా నిండిపోయింది, డాక్టరు గది ముందు పిట్ట లేదు. "డాక్టర్ తాన ఏముంటది, సూది. జర ఈడ చెప్పుకోని పోత" అంది పెద్దమ్మ. వెనక నుంచి దర్జీ చాచా, "పెద్దమ్మా, నాయి రెండే ముచ్చట్లు, జర జరుగు" అన్నాడు (ఆ రెండింటికీ ముప్పావుగంట పట్టింది).

ఖాళీగా కూర్చోలేక డాక్టరే బయటికొచ్చాడు. ఆయన స్టూలు మీద కూర్చుని, "ఏం చేస్తది ఇది? సరే, రాయి. నాకు బదిలీ కావాలె" అన్నాడు. కుయ్. "ఇల్లు మక్తల్‌ల, నేనీడ." కుయ్. "నా చిన్నబిడ్డ నన్ను చూసి…"

కరెంటు పోయింది.

తెర నల్లబడింది. ఆయన తెరిచిన నోరు తెరిచినట్టే ఉంది. ఉద్యోగం పోయినట్టేననుకున్న భయంలో నా నోటివెంట "ఊ" అని వచ్చేసింది.

ఆయన నా వైపు తిరిగాడు. "నన్ను చూసి, అమ్మా, చుట్టం వచ్చిండు, చాయ్ పెట్టు అన్నది."

వరండా అంతా పకపకా నవ్వింది, ఆయన కూడా నవ్వుతూ కళ్ళు తుడుచుకున్నాడు. పెద్దమ్మ మాత్రం నవ్వలేదు. లేచి వెళ్ళి ఆయన భుజం నిమిరింది.

వారం చివర డాక్టరు మా సారుకు చీటీ పంపాడు: మిషను తీసుకుపోండి, పిల్లను ఉంచండి. అలా ఏళ్ళ తరబడి ఆ వరండాలో స్టూలు వేసుకుని ఊ కొట్టి బతికాను.

ఇప్పుడు నా ఫోనే నన్ను తియ్యగా పలకరించి, నా బాధ తనకు అర్థమైందంటుంది. అది మాట్లాడుతున్నంతసేపూ నేను పాత అలవాటుకొద్దీ ఊ కొడుతూ కూర్చుంటాను. పాపం, దాని బాధలు అది ఎవరితో చెప్పుకుంటుంది?