లోడ్ లేకుండా తిరిగిన స్కూటరు

పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి దాకా ఉన్న మెకానిక్కులంతా చేతులెత్తేసిన స్కూటరు ఇంజనును నేను ఒంటిచేత్తో, మా ఇంటి వరండాలో, పాత దుప్పటి పరుచుకుని విప్పి, కడిగి, మళ్ళీ బిగించాను. ఒక్క కిక్కుకే పులిలా లేచింది. వీధిలో కుక్కలు పారిపోయాయి.

ఇలా చెబితే వినేవాళ్ళ మొహాలు వెలుగుతాయి. అందుకని చెబుతూ వచ్చాను. మెకానిక్కులంతా అంటే ఇద్దరు. మొదటివాడు బండి చుట్టూ ఒకసారి తిరిగి, "తాతా, దీని సామాన్లు దొరకయి. పాతినుప సామానోళ్ళకు ఇచ్చెయ్" అన్నాడు. రెండోవాడు బండిని చూడను కూడా లేదు. ఫోను చూసుకుంటూనే తల అడ్డంగా ఊపాడు. ఒంటిచేత్తో అన్నదీ నిజం కాదు. కుక్కలు పారిపోవడం మాత్రం నిజం. కాకపోతే అవి పారిపోయింది పొగకు.

ఆ స్కూటరు మీద నేనూ నా స్నేహితుడూ పాతికేళ్ళకు పైగా డ్యూటీకి వెళ్ళాం. లేతు మిషన్లు తయారుచేసే ఫ్యాక్టరీ. నేను గోదావరి వైపు నుంచి ఉద్యోగం కోసం వచ్చి ఇక్కడే ఉండిపోయినవాణ్ణి. అతను జిన్నారం పక్క పల్లెవాడు, చర్చి కుటుంబం. ఇద్దరం మిషన్లు బిగించే అసెంబ్లీలోనే పనిచేసేవాళ్ళం. బండి నాది, వెనక సీటు అతనిది. నడపడం నేర్చుకోమంటే ఒప్పుకునేవాడు కాదు. "నడిపేటోనికి రోడ్డు కనవడతది. ఎనక కూసున్నోనికి ఊరు కనవడతది. నాకు ఊరే మంచిగుంటది" అనేవాడు.

నా గొప్పలకు మొదటి కత్తెర అతనే. క్యాంటీన్‌లో నేను గొంతు సవరించుకోగానే పక్కవాళ్ళతో, "జెర జరగుండ్రి, వరద వస్తుంది. మీ గోదారోళ్ళు గింతేరా, బకెట్ నీళ్ళు ఒలికినా వరదే అంటరు" అనేవాడు. అందరూ నవ్వేవారు. నేనూ నవ్వేవాణ్ణి. కత్తిరించేవాడు ఉన్నాడన్న ధైర్యంతోనే నేను సాగదీసేవాణ్ణేమో.

తర్వాత ఫ్యాక్టరీ మూతపడింది. గేటుకు తాళం పడింది. మా బండి కూడా మెట్ల కిందకు చేరింది. దాని సీటు మీద మా కోడలు ఉల్లిపాయల బుట్ట పెట్టుకునేది.

నిరుటి వానల్లో అతనికి ఊపిరితిత్తులు బాగా దెబ్బతిన్నాయి. మా ఇంటికి రెండు సందుల అవతలే అతని ఇల్లు. మంచం పక్కన ఆక్సిజన్ మిషను పెట్టారు. అది బుస్సుమంటూ ఉంటే, ముక్కుకు గొట్టంతో గోడకు ఆనుకుని కూర్చునేవాడు. ఇక మందులతో తిరిగే రోగం కాదని డాక్టరు అతని భార్యకు చెప్పాడు, ఆమె నాకు చెప్పింది. అతనికి ఎవరూ చెప్పలేదు. చెప్పవలసిన పని కూడా లేకపోయింది.

ఒకరోజు నేను వెళ్ళి కూర్చోగానే అడిగాడు.

"నీ బండి ఉన్నదా, అమ్మినవా?"

"ఉంది. అమ్మితే నువ్వూరుకుంటావా?"

"నడుస్తదా?"

"నడవకేం! ఇప్పుడు తీస్తే ఇప్పుడే గాల్లో తేలిపోతుంది."

"దాని మీద ఉల్లిగడ్డలు ఉన్నయంటగా. మా ఆమె సూసింది." నవ్వబోతే దగ్గొచ్చింది. అది తగ్గేదాకా ఆగి, "ఒక్కసారి మన ఫ్యాక్టరీ గేటు దాక పోయొద్దాంరా. నీ ఎనక కూసుంట. ఈ మిషిన్ లేకుండ జెరసేపు ఉండొచ్చన్నడు డాక్టరు. ఇగ ఇంకేం అడగ" అన్నాడు.

అతను నన్నేదైనా అడగడం అదే మొదటిసారి.

మర్నాడే ఇంజను దింపాను. లోపల పిస్టన్ పట్టేసి ఉంది. రేషన్‌లో కిరసనాయిలు ఇవ్వడం ఎప్పుడో ఆగిపోయింది కదా, సామాన్లు డీజిల్‌తో కడిగాను. "మావయ్యా, సాంబారు గిన్నెలో బోల్టులేంటండీ?" అని కోడలు అరిచింది. కొత్త గిన్నె కొనిపెడతానన్నాను. సిలిండరును పట్టుకెళ్ళి ఒక లేతు షాపులో, లోపలి గీతలు పోయేలా బోరింగ్ చేయించాను. అక్కడి బీహారీ ఆపరేటరు దాన్ని అటూ ఇటూ తిప్పి, "చాచా, యే తో మ్యూజియం కా మాల్ హై" అన్నాడు గానీ, పని మాత్రం అద్దంలా చేసి ఇచ్చాడు. పిస్టన్ కోసం రాణీగంజ్ అంతా తిరిగాను. అంతా అంటే, నాలుగో షాపులో దొరికింది.

కడిగి ఆరబెట్టిన ప్రతి ముక్కనూ గుడ్డలో చుట్టి అతని దగ్గరకు తీసుకెళ్ళేవాణ్ణి. "ఆక్సిజన్ కాడికి నూనె సామాను తెస్తవా అన్నా, అందరం కాలిపోవాల్నా?" అని అతని భార్య ఒకసారి గడప దగ్గరే ఆపేసింది. అప్పటి నుంచి సబ్బుతో కూడా కడిగి పట్టుకెళ్ళేవాణ్ణి. అతను గుడ్డ విప్పి వేలితో తడిమి చూసి, పెళ్ళిచూపుల్లో పెద్దమనిషిలా, "ఊఁ, పిల్ల మంచిగనే ఉన్నది" అనేవాడు.

పిస్టన్ బిగించే రోజు అతను రాలేకపోయాడు. వీడియో కాల్‌లో చూపించాను.

"ఆగు. పిస్టన్ మీద బాణం ఎటు సూస్తుంది?"

"పైకి."

"ఎవని పెండ్లికి పైకి? పొగ వొయ్యే దిక్కు సూడాలె. ఇప్పు, ఇప్పు. గంత సర్వీసు చేసి ఏం పీకినవురా?"

విప్పి, తిప్పి బిగించాను. అతను అది చూడకపోతే పిస్టన్ రింగులు విరిగి కొత్త బోరంతా గీరుకుపోయేది. ఒంటిచేత్తో అని ఎలా చెప్పగలిగానో నాకే తెలియదు.

ఒక్క కిక్కు సంగతి. మోకాలు పట్టేసేదాకా కొట్టాను. లేవలేదు. చివరికి మా కోడలూ, ఎదురింటాయనా, అపార్టుమెంటు వాచ్‌మనూ కలిసి పల్లంలోకి తోస్తే, మలుపు దగ్గర దగ్గి, తుమ్మి, లేచింది. సందంతా తెల్లటి పొగ. కళ్ళు మండి నీళ్ళొచ్చాయి. పొగకే అనుకోండి.

వెంటనే ఫోను చేసి ఇంజను దగ్గర పెట్టాను. చాలాసేపు విన్నాడు. "మంచిగున్నది. ఇగ రన్నింగ్ కానియ్యి. లోడ్ వెయ్యకు" అన్నాడు.

ఆ మాటకు మా ఫ్యాక్టరీలో ఎంత బరువుండేదో చెప్పాలి. కొత్తగా బిగించిన ఏ మిషనునైనా మొదట ఖాళీగా తిప్పేవాళ్ళం. పళ్ళచక్రాలు ఒకదానికొకటి అలవాటు పడాలి. బయట లారీ నిలబడి ఉన్నా, మేనేజరు గొంతు చించుకున్నా, ఆ తిరుగుడు పూర్తయ్యేదాకా లోడ్ వేసేవాళ్ళం కాదు. అది మా మడి. కొత్త పిస్టన్‌కూ అదే లెక్క. పెట్రోలులో నూనె కొంచెం ఎక్కువ కలపాలి, నెమ్మదిగా పోవాలి, వెనక మనిషిని ఎక్కించకూడదు.

అలాగే చేశాను. రోజూ సాయంత్రం ఒక్కణ్ణే తీసేవాణ్ణి. సర్వీసు రోడ్డు మీద ఇస్నాపూర్ దాకా పోయి, నెమ్మదిగా వాళ్ళ సందులోంచి తిరిగొచ్చేవాణ్ణి. అతను వరండాలో కుర్చీలో ఉండేవాడు. ఇస్త్రీ చొక్కా, దువ్విన తల, కాళ్ళకు బూట్లు. సాయంత్రాలు చర్చి వాళ్ళు ప్రార్థనకు వస్తారు కాబోలు అనుకున్నాను. వాళ్ళ గేటు ముందు వేగం తగ్గించి, చప్పుడు వినబడేలా కాస్త రేజు చేసి, "ఇంకొన్నాళ్ళే! రింగులు కూర్చుంటున్నాయి!" అని అరిచేవాణ్ణి. అతను తలూపేవాడు. నేను ముందుకు పోయేవాణ్ణి.

పోనుపోను పొగ పలచబడింది. చప్పుడు మెత్తబడింది. ఆదివారం అతని భార్య చర్చి నుంచి వచ్చాక ఫ్యాక్టరీ గేటు దాకా తీసుకెళ్దామని నిర్ణయించుకున్నాను. వాన పడితే సీటు తడుస్తుందని ప్లాస్టిక్ కవరు కూడా తొడిగి ఉంచాను. శుక్రవారం పొద్దున ఆమె ఫోను చేసింది. నేను నడిచి వెళ్ళాను. ఆ రోజు కూడా బండి ఎందుకు తీయలేదో చెప్పలేను.

అతను పోయాక ఒక్కణ్ణే మా గేటు దాకా వెళ్ళి, వెనక సీటును తట్టి వచ్చానని కొందరికి చెప్పాను. అదీ నిజం కాదు. హైవే దాకా పోయి, యూటర్న్ దగ్గర తిరిగి వచ్చేశాను.

తర్వాత వాళ్ళింట్లో జ్ఞాపకార్థ కూడిక పెట్టారు. షామియానా కింద ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. అతని గురించి నాలుగు మాటలు చెప్పమని పాస్టరుగారు నన్ను పిలిచారు. నేను లేచాను. ఈసారి కత్తెర లేదు.

నా స్నేహితుడంత నియమం ఉన్న పనివాణ్ణి ఈ పారిశ్రామికవాడ చూడలేదన్నాను. ఊపిరి అందని స్థితిలో కూడా, రన్నింగ్ పూర్తికానిదే బండెక్కనని పట్టుపట్టాడన్నాను. రోజూ సాయంత్రం వరండాలో కూర్చుని, దూరం నుంచే ఇంజను చప్పుడు పరీక్షించి, "ఇంకా కాలేదు, తిప్పు" అని తలతో సైగ చేసేవాడన్నాను. తన కోరిక కన్నా మిషను మర్యాదే ఎక్కువని ప్రాణం పోయేదాకా నిలబెట్టుకున్నాడన్నాను. ముందు వరుసలో ఆడవాళ్ళు కళ్ళొత్తుకున్నారు. మా పాత సూపర్‌వైజరు వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. అప్పటికి నా మాటలు నేనే నమ్మాను.

భోజనాలప్పుడు పంపు దగ్గర చెయ్యి కడుక్కుంటూ ఉంటే అతని భార్య వచ్చి పక్కన నిలబడింది. ఏడవడం లేదు. చేతిలో నీళ్ళ జగ్గు ఉంది.

"మంచిగ మాట్లాడినవ్ అన్నా" అంది.

"ఉన్నదే చెప్పానమ్మా."

"ఉన్నది కాదు. లోడ్ వద్దని ఆయన అన్నది మొదటి దినం ఒక్కటే. మల్ల అనలే."

ఆమె జగ్గు వంచి నా చేతుల మీద నీళ్ళు పోసింది.

"చర్చోళ్ళు పొద్దుగాల్నే వచ్చి పోతుండిరి. సాయంత్రం ఎవ్వరు రాలే. నీ బండి చప్పుడు సందు మొగదల వినవడంగనే, ‘జల్దీ అంగీ తే’ అంటుండె. బూట్లు నేనే తొడుగుతుంటి. ముక్కుకు గొట్టం తీసేసి కూసుంటుండె, ఇయ్యాల ఎక్కించుకుంటడని. నువ్వు అటు పోంగనే మల్ల ఇప్పుతుంటి. బండి కరాబైతే కానియ్యకపోయినవా అన్నా? ఆపాల్సుండె."