గళ్ల కాగితాల ఏనుగు

1961 అక్టోబర్ 3, మంగళవారం, ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు మా ఆరో తరగతిలోకి పంతులమ్మ కత్తెర పట్టుకొని వచ్చింది. వన్యప్రాణులను కాపాడాలట. కాగితంతో జంతువులు చేసి, శుక్రవారం సంతలో అమ్మి, వచ్చిన డబ్బు పట్నం పంపాలట. మా నల్లగొండ పల్లెలో కుందేలు కనబడితే కూర వండుకునేవాళ్లం. ఆమెకు మాత్రం ఏనుగులు కావాలి.

ఏనుగు మా ఇంట్లో ఉందని గొప్పకు చెప్పింది నేనే.

మాది నేసే ముందే నూలుకు ముడులు కట్టి రంగులద్దే నేత. ఏ పోగుకు ఎక్కడ ముడి పడాలో గళ్ల కాగితం చెబుతుంది. మా తాత గీసిన కాగితాలు పదకొండు. మర్నాడు నాయిన నూలు తేవడానికి పోగానే ఆ కాగితాల చుట్టను బడికి మోసుకుపోయాను. మాకు అది ఏనుగు. పంతులమ్మకు వట్టి రంగు గళ్లు.

“ఎంత గట్టి కాగితమే! చక్కగా నిలబడుతుంది” అని మధ్యకు మడిచి కత్తిరించింది.

చూపించడానికే తెచ్చానని చెప్పాల్సిన నోటితో, “ఇంకా పది ఉన్నయి టీచర్” అన్నాను. అందరిలోకీ నన్ను మెచ్చుకుంది మరి. అంత చవకగా అమ్ముడుపోయాను.

సంతలో హెడ్మాస్టరు అడవుల గురించి అరగంట మాట్లాడాడు. ఒకామె ఏనుగును కొని, అక్కడే విప్పి, పుట్నాలు పొట్లం కట్టించుకుంది.

శనివారం నాయిన గూడంతా వెతికాడు. “గా కాగితాలు యాడున్నయే బిడ్డా?”

“బడిల కోసిన్రు నాయినా. ఏనుగులను కాపాడెతందుకు.”

“మన తాన ఏనుగు యాడున్నదే, నా మగ్గం మీద తప్ప?”

అవ్వ ఊరుకోలేదు. “జర మీ పంతులమ్మను పిలువు. గామెనే కూసొని ముడులు గట్టమను!”

సావుకారు అడిగిన ఎనిమిది రుమాళ్లకు నాయిన ఏనుగుల అంచును యాదితోనే కట్టాడు. ముడి తప్పితే రంగులో తెలియదు, నేశాకే బయటపడుతుంది. ఎనిమిదింటిలోనూ ఏనుగుకు మూడే కాళ్లు. సావుకారు తిప్పి పంపాడు. ఆ తర్వాత నాయిన చారల చీరలు తప్ప ఏమీ నేయలేదు.

బడి పట్నానికి పంపింది తొమ్మిది రూపాయల పన్నెండు నయాపైసలు. దానితో ఏ జంతువు బతికిందో ఎవరూ చెప్పలేదు. మా ఇంట్లో పోయినవి: ఏనుగుల కాగితాలు నాలుగు, సింహాలవి మూడు, చిలుకలవి నాలుగు. రుమాళ్లు ఎనిమిది. ఆ నేత నేర్చుకోవాల్సిన పిల్లలు ఇద్దరు, మా అన్నా నేనూ.